లిథియం రాజా కోసం ప్రార్థన

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, ఊళ్లోకి చవక ఇంటర్నెట్ వచ్చి చేను గట్టు మీద కూర్చున్నవాళ్లు కూడా తల వంచుకుని ఫోన్లు చూడటం మొదలుపెట్టిన రోజుల్లో, నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఇద్దరు మనుషులు వాదించుకుంటున్నారంటే ఏదో ఒక నిర్ణయానికి రావడానికే వాదించుకుంటున్నారని, మనిషి నోరు తెరిచేది ఎదుటివాళ్లకు మేలు చేయడానికేనని. నవ్వకండి. (నవ్వినా ఏమీ అనుకోను. ఇది రాస్తూ నేనూ నవ్వుతూనే ఉన్నాను. మధ్యమధ్యలో కొంగు కళ్ల దాకా పోతోంది, అంతే.)

నేను బడి ముఖం చూడలేదు. మా అమ్మానాయినలు పని వెంట తిరిగినవాళ్లు. ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడ, ఎక్కడ కొండకు సొరంగం తొలిస్తే అక్కడ మా రేకుల గుడిసె. ఒక బడిలో నా పేరు రాయించేలోగా పని ఇంకో రాష్ట్రానికి మారిపోయేది. అందుకని మా అమ్మే, రాళ్లపొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా, సిమెంటు సంచి కాగితం మీద బొగ్గుముక్కతో నాకు అక్షరాలు దిద్దించింది. ఆమె చదువు క్రైస్తవ ప్రార్థన మందిరంలో నేర్చుకున్నది. మా దగ్గరున్న పుస్తకాలు ప్రార్థన పుస్తకాలు. అందువల్ల నాకు అబ్బిన రాత తెలుగంతా 'కలుగును గాక', 'దయచేయుడి', 'వందనములు' బాపతు. నోరు తెరిస్తే పాలమూరు పిల్లను, రాయడానికి కూర్చుంటే ఏనాటి ముసలి పాదిరినో. ఈ రెండింటి మధ్య మామూలు మనుషులు రాసుకునే తెలుగు ఒకటుంటుందని ఇరవై ఏళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. అయినా ఆ చదువు చెప్పిన చేతుల కోసం ఈనాటికీ దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటాను. పొద్దంతా రాళ్లు మోసి వచ్చి కూడా బొగ్గుముక్క పట్టుకున్న చేతులవి.

సొరంగాల దుమ్ము మా నాయిన ఊపిరితిత్తుల్లో చేరి అక్కడే కాపురం పెట్టింది. వనపర్తి దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, "ఇది తగ్గే జబ్బు కాదమ్మా, ఉన్నన్ని రోజులు గాలి అందించుకోవాలె" అన్నాడు. దాంతో పనులు వదిలిపెట్టి వీపనగండ్ల అవతల ఉన్న మా ఊరికి వచ్చేశాం. ఎవరో పుణ్యాత్ములు, రోగులకు సామాన్లు వాడుకోవడానికి ఇచ్చేవాళ్లు, ఒక ఆక్సిజన్ మిషన్ తెచ్చి మంచం పక్కన పెట్టారు. అది గుర్రుగుర్రుమంటూ గదిలో గాలిని పీల్చి, అందులోంచి నాయినకు పనికొచ్చేది ఏరి సన్నటి గొట్టంలో పంపేది. ఆ గుర్రు వినబడుతున్నంతసేపూ అమ్మ కూరగాయలు తరిగేది. ఆగిందంటే కత్తిపీట వదిలేసి పరుగెత్తేది.

ఎందుకంటే అది కరెంటుతో నడుస్తుంది. మా ఊరి కరెంటేమో దుమారం పేరు వింటేనే పారిపోయేది. ఆపదకు ఒక చిన్న సిలిండరు ఉండేది గానీ, అది అయిపోతే నింపించుకోవడానికి మళ్లీ వనపర్తి పోవాలి. కరెంటు పోయినప్పుడల్లా నాయిన మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని, ముందుకు వంగి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదినట్టు లాగేవాడు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగేవి. ఆ స్థితిలోనూ ఆయన వేళాకోళం మానలేదు. "చూసినవా బిడ్డా, నేను సొరంగం తొలిస్తెనే నీళ్లొచ్చినయ్, ఆ నీళ్లతోనే కరెంటు పుట్టింది. నా ఇంటికి రానీకి మాత్రం దానికి సిగ్గు" అనేవాడు. ఆ మాట పూర్తిచేయడానికి ఆయనకు ఎంతసేపు పట్టేదో, ఆ మధ్యలో మేము ఎన్నిసార్లు చచ్చి బతికేవాళ్లమో ఆ దేవునికే తెలుసు.

మా మందిరం సంఘంవాళ్లు తలా కొంత వేసి కానుక పట్టారు, మేనమామ కొంత కలిపాడు. ఇన్వర్టరు కొనుక్కోమన్నారు. ఒక్కసారే కొనగలం. సరిపడనిది కొన్నామంటే దాన్ని చూసుకుంటూ కూర్చోవడమే. వనపర్తిలో ఒక దుకాణానికి పోయి అడిగాను. దుకాణాయన బ్యాటరీ మీద చెయ్యేసి, "ఇది తీస్కపో చెల్లె. మూడు ఫ్యాన్లు, టీవీ, లైట్లు, అన్ని మంచిగ నడుస్తయ్" అన్నాడు.

"మా నాయిన నడుస్తడా అన్నా?" అని అడిగాను.

ఆయన నావైపు అదోలా చూశాడు. విషయం చెప్పాక పాపం నిజాయితీగానే, "ఆ మిషన్ సంగతి నాకు తెల్వదు చెల్లె. రేపు ఏమన్న అయితే నా పానానికొస్తది. తెలిసినోళ్లను అడుగు" అన్నాడు. అబద్ధం చెప్పి అంటగట్టనందుకు ఆయనకు వందనాలు. కానీ తెలిసినవాళ్లను ఎక్కడని వెతకను?

అప్పుడు దొరికింది ఆ గ్రూపు. మేనమామ పంపిన పాత ఫోనులో వెతుకుతుంటే, ఫోన్లు, టీవీలు, ఆటల మిషన్లు, మిక్సీలు, ఇన్వర్టర్లు, వీటన్నిటి గురించీ తెలుగులో వాదించుకునే వేలమంది ఒకేచోట కనబడ్డారు. ఎవరికీ అసలు పేర్లు లేవు. వాళ్లలో ఇద్దరు మహానుభావులు. ఒకాయన 'లిథియం రాజా'. లోకంలోని కష్టాలన్నిటికీ లిథియం బ్యాటరీయే విరుగుడు అనేవాడు. రెండో ఆయన పాతకాలం నీళ్ల బ్యాటరీల పక్షం. ఎవరేమడిగినా చివర "నెలనెలా డిస్టిల్డ్ వాటర్ పోయండి" అని రాసేవాడు కాబట్టి అందరూ ఆయన్ను 'డిస్టిల్డ్ వాటర్' అనే పిలిచేవారు. ఇద్దరికీ బద్ధవైరం. పెళ్లికి మిక్సీ ఏది కొనిపెట్టాలని ఎవరైనా అడిగినా మూడో మాటకల్లా వీళ్లిద్దరూ బ్యాటరీల దగ్గరికి తెచ్చేవారు.

నేను మా ప్రార్థన కూటంలో విన్నపం చెప్పుకునే పద్ధతిలోనే రాశాను. ముందు కృతజ్ఞత, తర్వాత అక్కర, చివర దీవెన. "ప్రియ సహోదరులారా, మీకందరికిని సమాధానము కలుగును గాక. ఇంతవరకు మమ్మును కాపాడిన దేవునికి స్తోత్రము. నా తండ్రి శ్వాసయంత్రమునకు తగిన ఇన్వర్టరు ఏదో దయచేసి తెలియజేయుడి. మీ గృహములు వర్ధిల్లును గాక" అని.

మొదట ఒకడు, "ఇది మనిషి కాదురా, ఏదో కంప్యూటర్ ప్రోగ్రాం" అన్నాడు. ఇంకొకడు, "ఏ శతాబ్దం నుంచి మాట్లాడుతున్నావ్ తల్లీ, అక్కడ కరెంటు ఉందా?" అన్నాడు. (లేదు కాబట్టే అడుగుతున్నానని వినయంగా జవాబిచ్చాను.) పొద్దంతా ఆటలాడే ఒకబ్బాయి, "నా గేమింగ్ కంప్యూటర్ తినే కరెంటులో సగం కూడా తినదు మీ మిషన్, టెన్షన్ ఎందుకు" అన్నాడు. ఇంకేం, ఆటలకు కంప్యూటరు మంచిదా, టీవీకి తగిలించే ఆటల పెట్టె మంచిదా అని అక్కడొక యుద్ధం లేచింది. ఈలోగా రాజా దిగాడు, ఆయన వెనకే డిస్టిల్డ్ వాటర్ దిగాడు. మా నాయిన ఊపిరి వాళ్ల కాళ్ల మధ్య బంతి అయిపోయింది.

మా కూటంలో ఎవరు ఏ మాట సాయం చేసినా వందనాలు చెప్పి తీరాలి. చెప్పకపోతే మర్యాద కాదు. కాబట్టి నేను ఒక్కొక్కరికీ పేరుపేరునా చెప్పాను. 'లిథియం రాజా గారికి వందనములు. డిస్టిల్డ్ వాటర్ గారికి వందనములు.' నన్ను వెక్కిరించినవాళ్లకూ చెప్పాను, వాళ్లూ సమయం ఖర్చుపెట్టారు కదా అని. అది మంటలో నూనె అవుతుందని నాకేం తెలుసు? రాజా వెంటనే, "చూశారా, మేడం నాకు థ్యాంక్స్ చెప్పింది. ఫైనల్ అయిపోయింది" అన్నాడు. "నాకూ చెప్పింది, ఇంకా పెద్ద అక్షరాల్లో" అన్నాడు డిస్టిల్డ్ వాటర్. ఆ అక్షరాల సైజు మీద ఒక పూట గడిచింది.

ఇక్కడ మా సంఘం ఆనవాయితీ ఒకటి చెప్పాలి. రేకుల షెడ్డు మందిరం మాది, పట్టుమని పాతిక కుటుంబాలు లేవు. కానీ ఏ నిర్ణయమైనా అందరూ ఆమెన్ అనేదాకా ముట్టుకునేవాళ్లం కాదు. మెజారిటీ అనే మాట మాకు లేదు. ఒకసారి తలుపుకు ఏ రంగు వేయాలనే విషయంలో ఒక అవ్వ ఆమెన్ అనకపోతే, వేరుశనగ విత్తినప్పుడు మొదలైన చర్చ పంట ఇంటికొచ్చాక తేలింది. తేలాక మాత్రం ఎవరి మనసులోనూ ముల్లు మిగల్లేదు. పదిమంది ఒక్క మనసైన చోటే దేవుని చిత్తం తెలుస్తుందని మా నమ్మకం. పెద్ద పెద్ద తగాదాలు అట్లా సద్దుమణగడం నా కళ్లతో చూశాను.

కాబట్టి మేము ఆగాం. అవును, మీరు అనుకుంటున్నదే. ఆ గ్రూపు ఒక్క మనసయ్యేదాకా ఇన్వర్టరు కొనకుండా ఆగాం. నేనొక్కదాన్నే కాదు, అమ్మ, మేనమామ, ప్రార్థన నడిపించే పెద్దయ్య, అందరం. తొందరపడి కొంటే దేవుణ్ణి తొక్కి ముందుకు పోయినట్టని పెద్దయ్య అన్నాడు. రోజూ పొద్దున్నే బొగ్గుల మీద చాయ పెడుతూ అమ్మ అడిగేది.

"ఒక్క మనసైన్రా బిడ్డా?"

"కాలేదమ్మా. ఇయ్యాల రాజా జర మెత్తవడ్డట్టు కనవడ్తుండు."

"ఆ నీళ్లాయన?"

"ఆయనదే మొండితనం."

ఆదివారం కూటంలో పెద్దయ్య మోకరించి, ఆరునూరైనా మారని గంభీరమైన గొంతుతో, "ప్రభువా, లిథియం రాజా అను నీ బిడ్డ హృదయమును మెత్తపరచుము. డిస్టిల్డ్ వాటర్ అను సహోదరునికి వినయమును దయచేయుము" అని ప్రార్థించాడు. కూటమంతా "ఆమెన్" అంది. రంగు తగాదా పెట్టిన అవ్వ నా మోచెయ్యి గిల్లి, "ఈ రాజాది ఏ ఊరే? పెండ్లయిందా?" అని అడిగింది. ఎవరికీ నవ్వు రాలేదు. వెనక బల్ల మీద నాయిన లేని ఖాళీ ఎప్పుడూ కనబడుతూనే ఉండేది కదా.

ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం దుమారం లేచింది. మందిరం రేకు ఒకటి లేచిపోయి కంది కట్టెల మోపు మీద పడింది. చింతచెట్టు విరిగి వీపనగండ్ల రోడ్డుకు అడ్డం పడింది, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి. మిషన్ గుర్రు ఆగింది. సిలిండరు తగిలించాం. దాని ముల్లు కిందికి దిగుతూ వస్తోంది. వనపర్తికి పోయే దారి లేదు. అమ్మ నాయిన వీపుకు తన వీపు ఆనించి గోడలా కూర్చుంది. ఆయన మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఈసారి వేళాకోళం లేదు. కళ్లు మాత్రం మా ఇద్దరినీ మార్చిమార్చి చూస్తున్నాయి, ఎవరికి ఏం చెప్పిపోవాలా అన్నట్టు.

నేను ఫోను తీశాను. వందనములు గుర్తుకు రాలేదు, స్తోత్రము గుర్తుకు రాలేదు. జీవితంలో మొదటిసారి మాట్లాడినట్టే రాశాను. "కరెంటు పోయింది. రోడ్డు బందైంది. సిలిండర్ అయిపోతుంది. మా నాయిన పెదవులు నల్లబడ్డయి. ఏం చెయ్యాలె?"

ఒకడు, "మళ్లీ డ్రామా మొదలు" అన్నాడు. దాని కిందే, ఒకదాని వెనక ఒకటి రెండు జవాబులు వచ్చి పడ్డాయి. "ఊళ్లో పెళ్లిళ్ల జనరేటర్ ఉంటుంది. పరుగెత్తండి" అని రాజా. "టెంట్ హౌస్ వాళ్ల జనరేటర్ చూడమ్మా, వెంటనే" అని డిస్టిల్డ్ వాటర్. ఆ తర్వాత రాజా ఇంకో వాక్యం రాశాడు. ఆ గ్రూపు పుట్టాక ఎవరూ ఎవరి గురించీ రాయని వాక్యం. "ఆయన చెప్పింది కరెక్టే."

"అమ్మా, ఒక్క మనసైన్రు!" అని అరిచాను. "జనరేటరంట!"

అమ్మ ముఖం వాడిపోయింది. జనరేటరు మా వెనక సందులోనే ఉంది, డీజే అన్న దగ్గర. ఊరేగింపుల పాటలాయన. ఆదివారం కూటం వేళకు ఆయన స్పీకరు డబ్బాలు పరీక్ష చేసుకుంటూ మోగించడం, మా అమ్మ పోయి వాకిట్లో నిలబడి దులిపేయడం, ఈమధ్యే జరిగింది. ఆ మాటలు ఇక్కడ రాయను. ప్రార్థన చేసే నోటి నుంచి రావాల్సినవి కావు. మా ఇంటి గుర్రుగుర్రు ఆయనకు వినబడుతుంది, ఆయన ధనాధన్ మాకు వినబడుతుంది, కానీ మాటలు లేవు. పక్క సందులో ఉన్న మనిషి మా బుర్రకు తట్టలేదు, ఎక్కడో ఉన్న ఇద్దరు చెప్పాల్సి వచ్చింది.

నేను ఉరికాను. తలుపు తీసిన డీజే అన్న నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. జనరేటరు బిగించిన ట్రాలీ ఆటోను సందులోంచి వెనక్కి వెనక్కి తోలుకొచ్చి మా గోడకు ఆనించాడు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఆ రోజు నేను..." అని ఏదో అనబోయింది.

"పెద్దమ్మా, మిగిలిన తిట్లు రేపు తిట్టు. వైరు ఏడ పెట్టాలె, అది చెప్పు."

తాడు గుంజాడు. జనరేటరు దగ్గి, మళ్లీ దగ్గి (అచ్చం మా నాయిన లాగానే), అందుకుంది. తొందరలో ఆయన ఊరేగింపు లైట్ల స్విచ్చి కట్టేయడం మర్చిపోయాడు. మా చీకటి ఇంట్లోకి ఎర్రవి, పచ్చవి, నీలపువి వెలుగులు గిర్రున తిరుగుతూ వచ్చాయి. గోడ మీద, అన్నం గిన్నె మీద, నాయిన నల్లటి పెదవుల మీద పూలలాగా తిరిగాయి. వాటి వెనకే డప్పు దెబ్బ నాలుగు మోతలు మోగి ఆగింది. దాని కింద, సన్నగా, మిషన్ గుర్రు.

మేమంతా ఆయన ఛాతీ వంకే చూస్తున్నాం. ఎంతోసేపటికి నాయిన కళ్లు తెరిచాడు. గోడ మీద తిరుగుతున్న లైట్లను చూశాడు. గొట్టం పక్కకు జరిపి, "ఏందే," అన్నాడు అమ్మతో, "మన పెండ్లి బరాత్ మల్ల తీస్తుండ్రా?"

అమ్మ ఏడుస్తూనే ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. డీజే అన్న అటు తిరిగి నిలబడి, అవసరం లేని వైరునొకదాన్ని చాలాసేపు చుట్టాడు.

గ్రూపులో "నాయిన బతికిండు" అని రాశాను. లోకమంతా ఒక్క పూట ఆమెన్ అంది. తెల్లారేసరికి, పెట్రోలు జనరేటరా డీజిలు జనరేటరా అని కొత్తది మొదలైంది. ఆ వాదన నాయినకు చదివి వినిపిస్తే ఆయన చెయ్యెత్తి ఆపాడు. "బిడ్డా, ఏదో ఒక ఇన్వర్టర్ తే. రాజాది తెచ్చినా నీళ్లాయనది తెచ్చినా నాకంటె ఎక్కువ రోజులే బతుకుతది."

తెచ్చాను. ఏది తెచ్చానో మాత్రం చెప్పను. చెబితే మీలోనే ఇద్దరు మొదలుపెడతారు.

ఆ వానాకాలమంతా ఎన్నిసార్లు కరెంటు పోయినా మిషన్ గుర్రు ఆగలేదు. నాయిన మంచం మీద కూర్చుని మెతుకు మెతుకే అయినా అన్నం తిన్నాడు, అమ్మతో పోట్లాడాడు, డీజే అన్నను పిలిపించుకుని పాటలు జర మెల్లగ పెట్టుకోమని బుద్ధి చెప్పాడు. ఆయన మాటే ఆయన నిజం చేశాడు. చలికాలం మొదట్లో ఒక పొద్దున, ఆకాశం నిర్మలంగా ఉండి, కరెంటు పుష్కలంగా ఉండి, ఇన్వర్టరు ఏ పనీ లేక పచ్చదీపం వెలిగించుకుని కూర్చున్న వేళ, ఆయన ఊపిరి చేదడం మానేశాడు. మిషన్‌కు ఆ సంగతి తెలియలేదు, గాలి పంపుతూనే ఉంది. "ఇగ బంద్ చెయ్ బిడ్డా" అని అమ్మ అనేదాకా నేను స్విచ్చి మీద చెయ్యి వేయలేకపోయాను. ఆయనకు దొరికిన ఆ కొన్ని నెలలకు దేవునికి స్తోత్రం. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాడు. సరిపోయాయని మాత్రం అనలేను.

మిషన్ ఇచ్చినవాళ్లు ఫోను చేసి, కోడేరులో ఇంకొకాయనకు అదే దుమ్ము జబ్బని, చాలా ఆపదలో ఉన్నాడని చెప్పారు. నాయిన సమాధి మట్టి ఇంకా ఆరకముందే మిషన్‌ను, దాంతోపాటు ఇన్వర్టరును డీజే అన్న ట్రాలీలో పెట్టుకుని కోడేరు పోయాం. ఆ ఇంటామె నేను వైర్లు కలుపుతుంటే పక్కనే నిలబడి, "గిది మంచిదేనా బిడ్డా? మా మరిది ఫోన్ల చూసిండంట, వేరేది మంచిదంటుండు" అంది. ఆ విషయంలో అప్పటికి నా బుర్రలో ఎంత పరిజ్ఞానముందో! పొద్దుగూకేదాకా రెండు పక్షాలా నేనే వాదించగలను. "మంచిదేనమ్మా" అని స్విచ్చి వేశాను. మంచం మీది మనిషి గొట్టం ముక్కుకు పెట్టుకుని, కాసేపటికి భుజాలు కిందికి దించాడు.

తిరుగు దారిలో ట్రాలీ వెనక కూర్చుని గ్రూపులో పెద్ద కృతజ్ఞతా పత్రం రాశాను. నా పాత తెలుగులోనే, ఒక్కరినీ వదలకుండా. డ్రామా అన్నవాణ్ణి కూడా. ఊరు చేరకముందే గ్రూపు పెద్దలు దాన్ని తీసేశారు. "ఇది వస్తువుల గురించిన చర్చ కాదు" అని కారణం రాశారు. "మీరు శ్రమ తీసుకొని చదివినందుకు వందనములు" అని వాళ్లకూ జవాబు పెట్టింది, అప్పటి నేననే ఆ పిచ్చిపిల్ల. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. దుమ్ములో ఊగిపోతున్న ఆ ట్రాలీని ఆపి, ఆ పిల్లను కిందికి దింపి, చేతిలోని ఆ ఫోను మెల్లగా తీసుకోవాలనిపిస్తుంది. అందరికీ వందనాలు చెప్పే హడావిడిలో, నాయిన కోసం తాను ఇంకా ఏడవనే లేదని దానికి గుర్తే లేదు.